పాత వ్యాన్‌ను ఇంట్లోనే ఫోర్‌వీల్ డ్రైవ్‌గా మార్చుకోవడం: కొలతల నుంచి తొలి పరుగు దాకా

ఏడు నెలల ఆదివారాలు ఒక పాత వ్యాన్ కింద వెల్లకిలా పడుకుని గడిపాను. లెక్కేసుకుంటే అందులో వెల్డింగ్ చేసింది నాలుగు రోజులు కూడా లేదు. మిగతాదంతా కొలవడం, మళ్లీ కొలవడం, కొలిచింది తప్పని తెలిసి తల పట్టుకోవడం. ఈ పనికి మంచి వెల్డర్ కావాలనుకుంటారు అందరూ. నన్నడిగితే ఓపికగా టేపు పట్టుకునే మనిషి కావాలి, వెల్డర్‌ని కూలికి పిలిచినా సరిపోతుంది. అందుకే ఇక్కడ కొలతల గురించే ఎక్కువ చెబుతాను.

ముందు రెండు ప్రశ్నలు

మొదటిది, అసలు మీకిది అవసరమా? బురదలో, తడి గడ్డిలో వెనక చక్రం ఒకటి ఊరికే గిర్రున తిరిగి బండి కదలకపోవడమే మీ బాధ అయితే, వెనక హౌసింగ్‌లో (రెండు చక్రాల మధ్య ఉండే ఇరుసు డబ్బా) లాకర్ గానీ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ గానీ (ఒక చక్రం ఊరికే తిరిగినా రెండోదానికి తోపు అందించేవి) వేయించి, గరుకు నేలకి పనికొచ్చే టైర్లు తొడిగి, అవసరమైన చోట గాలి కాస్త తగ్గిస్తే ముప్పాతిక వంతు ఇబ్బందులు తీరిపోతాయి. అది రెండు మూడు రోజుల పని. కొండ దారులు, ఇసుక, రాళ్ల ఎక్కుడు తరచూ ఎదురయ్యే వాళ్లకే ముందు చక్రాల డ్రైవ్ గిట్టుబాటవుతుంది.

రెండోది, మీ వ్యాన్ ఏ రకం? ఇంజన్ బండి పొడవు వెంట అమరి, వెనక చక్రాలు తోసే వ్యాన్, కింద గట్టి ఛాసిస్ పట్టీలు ఉన్నదైతే ఈ పద్ధతి కుదురుతుంది. ఫోర్డ్ ఇ సిరీస్ లాంటి పెద్ద వ్యాన్లను ఇలా మార్చేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే అదే కంపెనీ ట్రక్కుల సామాను వాటికి చాలావరకు నప్పుతుంది. ఇంజన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలు లాగే వ్యాన్ అయితే ఇక్కడితో ఆగిపోండి, దాని దారి పూర్తిగా వేరు. ఫ్యాక్టరీలోనే నాలుగు చక్రాల డ్రైవ్‌తో తయారైన వ్యాన్లు కూడా ఉన్నాయని మర్చిపోకండి. మిత్సుబిషి డెలికా ఉంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో స్టైర్ డైమ్లర్ పుఖ్ వాళ్లు తయారుచేసిన ఫోక్స్‌వ్యాగన్ సింక్రో ఉంది. అలాంటిది దొరికే అవకాశం ఉంటే, దాన్ని కొని బాగుచేసుకోవడం దీనికంటే తేలిక. ఈ మాట చెప్పకుండా మిమ్మల్ని షెడ్డులోకి పంపడం న్యాయం కాదు.

ఇంకో సంగతి. ఛాసిస్ కోసి, సస్పెన్షన్ మార్చాక అది కాగితాల్లో ఉన్న బండి కాదు. మీ దగ్గరి రిజిస్ట్రేషన్ అధికారులు ఇలాంటి మార్పు ఒప్పుకుంటారో లేదో, ఇన్సూరెన్స్ ఏమవుతుందో కట్టర్ ఆన్ చేయకముందే కనుక్కోండి. కోసేశాక అడిగితే వచ్చే జవాబు వేరేగా ఉంటుంది.

తుక్కు బండి మొత్తంగా కొనండి

ముందు హౌసింగ్ ఒక చోట, ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ తోపుని ముందుకీ వెనక్కీ పంచే డబ్బా) ఇంకో చోట, షాఫ్టులు (ఆ తోపుని హౌసింగ్‌లకి చేర్చే తిరిగే గొట్టాలు) మరో చోట కొంటే చవకలా కనిపిస్తుంది. తర్వాత ఒక చిన్న బ్రాకెట్ కోసం, ఒక లివర్ రాడ్డు కోసం, ఏదో సైజు బోల్టు కోసం వారాలు తిరుగుతారు. ఇంజన్ పాడైన ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కు గానీ జీపు గానీ ఒకటి మొత్తంగా కొని పక్కన పెట్టుకోండి. హౌసింగ్, ట్రాన్స్‌ఫర్ కేస్, దాన్ని మోసే క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ దూలం), లివర్లు, బ్రేకు గొట్టాలు, స్టీరింగ్ బాక్స్, కమాన్లు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) అన్నీ ఒకదానికొకటి సరిపడేవి దొరుకుతాయి. అన్నిటికంటే విలువైనది ఇంకొకటి ఉంది. ఏది ఎక్కడ ఎలా ఉండాలో చూపించే నమూనా మీ కళ్లముందే ఉంటుంది. నేను మా తుక్కు బండిని విప్పే ముందు దాని కింద పడుకుని రెండు వందల ఫొటోలు తీశాను. అప్పుడు ఇంట్లో వాళ్లు నవ్వారు గానీ, ఐదో నెలలో ఆ ఫొటోలే కాపాడాయి.

హౌసింగ్ ఎంచుకునేటప్పుడు వ్యాన్ ముందు భాగం బరువు తెలియాలి. వే బ్రిడ్జి మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేయించండి, మీరు వెంట తీసుకెళ్లే సామానుతో సహా. ఆ బరువు మోసే శక్తి హౌసింగ్‌కీ, కమాన్లకీ ఉండాలి. పెద్ద అమెరికన్ వ్యాన్లకి డానా 60 రకం హౌసింగ్ వాడేది అందుకే. అది ఒక్కటే 200 కిలోలకు పైన తూగుతుంది, కాబట్టి ఒంటరిగా ఎత్తే ప్రయత్నం చేయకండి.

చక్రం బోల్టుల సంఖ్య, వాటి మధ్య దూరం ముందూ వెనకా ఒకటేనా అని చూసుకోండి. లేకపోతే స్టెప్నీలు రెండు మోయాలి.

సుద్దముక్కతో నిష్పత్తి

హౌసింగ్ లోపల షాఫ్టుతో తిరిగే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్. క్రౌన్ ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో అదే నిష్పత్తి. ముందు హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ నిష్పత్తి, వెనక దాని నిష్పత్తి ఒకటే అయి ఉండాలి. ఇందులో రాజీ లేదు. ముందు 4.10, వెనక 3.73 ఉన్నాయనుకోండి. నాలుగు చక్రాల డ్రైవ్ వేయగానే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. కానీ వెనక చక్రాలు 100 మీటర్లు పోవాలంటే ముందు చక్రాలు 91 మీటర్లే పోతానంటాయి. ఆ తేడా ఎక్కడో ఒకచోట తీరాలి. టైర్లు జారి తీరితే సరే, గట్టి నేల మీద అయితే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో చెయినో, షాఫ్టు క్రాసో (షాఫ్టు చివర వంగే కీలు) తెగి తీరుతుంది. 4.09, 4.10 లాంటి వెంట్రుకవాసి తేడాకి మాత్రం భయపడక్కర్లేదు.

హౌసింగ్ మీద బిళ్ల ఉంటే దాని మీద రాసి ఉంటుంది. ఇరవై ఏళ్ల బండికి ఆ బిళ్లని నమ్మడం కష్టం, మధ్యలో ఎవరు ఏం మార్చారో ఎవరికి తెలుసు? కాబట్టి మీరే లెక్కపెట్టండి. రెండు చక్రాలూ లేచేలా హౌసింగ్ కింద స్టాండ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, బండి కదలకుండా మిగతా చక్రాలకి అడ్డు పెట్టండి. షాఫ్టు ఫ్లాంజ్ (చివర బోల్టులు బిగించే అంచు) మీద ఒక సుద్దగీత, దానికి ఎదురుగా హౌసింగ్ మీద ఒక గీత. టైరు మీద ఒక గీత, కింద నేల మీద ఒక గీత. ఒక మనిషి ఎడమ చక్రాన్ని కదలకుండా పట్టుకోవాలి. మీరు కుడి చక్రాన్ని సరిగ్గా 20 చుట్లు తిప్పండి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు లెక్కపెట్టాలి. 37 చుట్లు దాటి ఇంకో పావు చుట్టుకి కొంచెం పైన తిరిగితే అది 3.73. సరిగ్గా 41 తిరిగితే 4.10. మామూలు డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల కట్ట) ఒక చక్రం ఆగి ఉంటే రెండోది రెండు చుట్లు తిరిగినప్పుడే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే 20 చుట్లు తిప్పి పదితో భాగిస్తున్నాం. రెండే చుట్లు తిప్పి అంచనా వేస్తే 3.55కీ 3.73కీ తేడా కంటికి ఆనదు.

రెండూ కలవకపోతే తేలికైన మార్గం తుక్కు బండి వెనక హౌసింగ్ కూడా తీసుకొచ్చి వ్యాన్‌కి వేయడం. అది నప్పకపోతే ఒకదాని క్రౌన్ పినియన్ మార్పించాలి. క్రౌన్ పినియన్ అమరిక మాత్రం చెయ్యి తిరిగిన మెకానిక్‌కే వదిలేయండి. షిమ్ముల (సందు సర్దే పలుచటి రేకుల) లెక్క కొద్దిగా తప్పినా కొన్ని వందల కిలోమీటర్లలోనే ఊళ వినిపిస్తుంది.

నిష్పత్తి కలిసినంత మాత్రాన అయిపోలేదు. నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు కొత్తవి, వెనక అరిగినవి వేసినా అదే గొడవ మళ్లీ చిన్నగా మొదలవుతుంది.

బొజ్జ ఏ వైపు?

ముందు హౌసింగ్‌లో డిఫరెన్షియల్ ఉండే లావాటి భాగాన్ని బొజ్జ అంటాను, పిలవడానికి సులువుగా ఉంటుంది. అది మధ్యలో ఉండదు, ఎడమకో కుడికో జరిగి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు షాఫ్టు బయటికి వచ్చే వైపూ, ఈ బొజ్జ ఉన్న వైపూ ఒకటే కావాలి. స్టార్టర్ మోటార్, ఎగ్జాస్ట్ గొట్టం, పెట్రోలు లేదా డీజిల్ ట్యాంకు ఆ వైపు అడ్డం రాకుండా ఉండాలి. వ్యాన్ కింద పడుకుని, గేర్‌బాక్స్‌కి రెండు పక్కలా షాఫ్టంత లావు ప్లాస్టిక్ గొట్టం పెట్టి చూడండి. ఏ వైపు తక్కువ గొడవో పది నిమిషాల్లో తేలిపోతుంది.

వైపు తప్పిన హౌసింగ్ చవగ్గా దొరికింది కదా, బోర్లా తిప్పి బిగిస్తే పోలా అని ఒక తెలివైన ఆలోచన వస్తుంది. నాకూ వచ్చింది. అలా చేస్తే వెనక చక్రాలు ముందుకు, ముందు చక్రాలు వెనక్కి తిరుగుతాయి.

కుదిరితే పినియన్ పైకి ఉండే రకం హౌసింగ్ వెతకండి. అందులో షాఫ్టు హౌసింగ్ మధ్యగీతకి పైన చేరుతుంది కాబట్టి కోణం తగ్గుతుంది, రాళ్లకి దూరంగా ఉంటుంది. గేరు పళ్లు కూడా ముందుకు నడిపేటప్పుడు బలమైన వైపు నుంచే తోస్తాయి.

ట్రాన్స్‌ఫర్ కేస్: అతుక్కున్నదా, విడిగానా

గేర్‌బాక్స్ వెనక నేరుగా అతుక్కునే ట్రాన్స్‌ఫర్ కేస్ ఒక రకం. గేర్‌బాక్స్ నుంచి పొట్టి షాఫ్టు తీసి, కొంత దూరంలో ఛాసిస్‌కి విడిగా వేలాడదీసేది రెండో రకం.

మొదటి రకంలో చిక్కు ఎక్కడంటే, రెండు చక్రాల బండి గేర్‌బాక్స్ వెనక షాఫ్టు పొడుగ్గా ఉంటుంది. ఫోర్‌వీల్ బండి గేర్‌బాక్స్‌ది పొట్టిగా ఉండి, దాని చివర స్ప్లైన్ (పొడవునా ఉండే గాళ్లు) పళ్ల లెక్క కూడా వేరుగా ఉండొచ్చు. అంటే గేర్‌బాక్స్ పూర్తిగా విప్పి లోపలి షాఫ్టు మార్చాలి, లేదా తుక్కు బండి గేర్‌బాక్స్‌నే ఎత్తుకొచ్చి ఇంజన్‌కి తగిలించాలి. అదే కంపెనీ, అదే ఇంజన్ కుటుంబం అయితే రెండోదే మేలు. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ఇంజన్‌కి అతుక్కునే డబ్బా) బోల్టులు కలుస్తాయి, క్లచ్ కలుస్తుంది, పొడవు తక్కువ పడుతుంది.

విడి ట్రాన్స్‌ఫర్ కేస్‌తో గేర్‌బాక్స్ జోలికి పోనక్కర్లేదు. 1970ల ఫోర్డ్ ట్రక్కులు కొన్నింటిలో ఎన్‌పీ 205 అనే ట్రాన్స్‌ఫర్ కేస్ ఇలా విడిగానే ఉండేది. లోపల చెయిన్ లేదు, అంతా గేర్లే, పోత ఇనుప డబ్బా. బరువు 60 కిలోలకు పైమాటే. సుజుకి సమురాయ్, జిప్సీల్లో కూడా విడి కేసే. చిన్న వ్యాన్ వాళ్లు దాని వైపు చూస్తారు, అయితే అందులో హై రేంజ్‌లో (మామూలు రోడ్డుకి వాడే గేరు) కూడా 1.4 దాకా తగ్గింపు ఉంటుంది. నిష్పత్తుల లెక్క మార్చకుండా దాన్ని పెడితే మీ వ్యాన్ టాప్ గేర్‌లో అరుస్తూ మెల్లగా పోతుంది. పైగా చిన్న బండి కోసం తయారైన కేస్ పెద్ద వ్యాన్ ఇంజన్ తోపుని ఎన్నాళ్లు తట్టుకుంటుందో ఆలోచించుకోండి.

నా వ్యాన్ పొడుగుది, కాబట్టి విడి కేస్‌కి చోటు దొరికింది. పొట్టి వ్యాన్ అయితే వెనక షాఫ్టు మరీ పొట్టిదై దాని కోణం నిటారుగా తయారవుతుంది, అప్పుడు అతుక్కునే రకానికే పోవాలి. ఏ రకమైనా దాని క్రాస్ మెంబర్‌కి రబ్బరు మౌంట్లు తప్పనిసరి, లేకపోతే గేర్ల ఊళంతా వ్యాన్ ఫ్లోరులో మోగుతుంది.

విప్పేముందు గీయాల్సిన గీతలు

చదునైన సిమెంటు నేల మీద, టైర్లలో సరైన గాలితో, మామూలు బరువుతో వ్యాన్ నిలబెట్టండి. దారానికి గుండు కట్టి నాలుగు చక్రాల మధ్య బిందువుల నుంచి, ఛాసిస్ మీద మీరు ఎంచుకున్న కనీసం ఆరు రంధ్రాల నుంచి నేల మీదకి గుర్తులు దించండి. సుద్ద చెరిగిపోతుంది, పెయింటుతో గుర్తు పెట్టండి. ఎదురుబొదురు మూలల మధ్య కొలతలు సరిపోతున్నాయా చూడండి. పాత బండి ఎప్పుడో గుద్దుకుని ఛాసిస్ వంకరపోయి ఉంటే అది ఇక్కడే బయటపడుతుంది. గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజ్ కోణం, వెనక పినియన్ కోణం యాంగిల్ గేజ్‌తో చూసి గోడ మీద రాసుకోండి. కాగితం మీద రాస్తే పోతుంది. నాది నూనె తుడవడానికి పోయింది.

ఈ గీతలు ఎందుకంటే, పాత ముందు సస్పెన్షన్ కోసి పారేశాక చక్రం ఎక్కడ ఉండేదో చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

విప్పడం

బ్యాటరీ తీగలు తీసేయండి. ఛాసిస్ కింద బలమైన స్టాండ్లు, నాలుగు చోట్ల. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. చాలా వ్యాన్లలో పాత సస్పెన్షన్ బిగించిన ముందు క్రాస్ మెంబరే ఇంజన్ మౌంట్లని కూడా మోస్తుంది. దాన్ని కోసే ముందు ఇంజన్‌ని పైనుంచి అడ్డ కడ్డీకి గొలుసుతో వేలాడదీయాలి, లేకపోతే కోత పూర్తయ్యేసరికి ఇంజన్ మీ కాళ్ల మీద ఉంటుంది. కొత్త క్రాస్ మెంబర్ తయారయ్యాకే పాతది పూర్తిగా తీయండి.

మట్టి ముద్ద చెప్పిన నిజం

ముందు హౌసింగ్‌ని కింద పెట్టి, పాత చక్రాల గుర్తుల మీదకి జరిపి, కమాన్లు లేకుండా రెండు జాకీల మీద మామూలు ఎత్తుకి లేపండి. అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. నేనూ అక్కడే సంబరపడ్డాను. అసలు పరీక్ష గుంతలో పడి కమాన్లు పూర్తిగా నొక్కుకున్నప్పుడు. బొజ్జ పైకి లేచి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌ని తాకుతుందా, టై రాడ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే రాడ్డు) దేన్నైనా గీకుతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టి తెచ్చి ఆయిల్ చాంబర్ అడుగున నాలుగు వేళ్ల మందాన అంటించాను. హౌసింగ్‌ని రెండు వైపులా సమంగా పైకి, బంప్ స్టాప్ (హౌసింగ్ ఇంకా పైకి పోకుండా ఆపే రబ్బరు) తాకే ఎత్తు దాకా లేపాను. తర్వాత కుడి వైపు ఒక్కటే పూర్తిగా లేపి, ఎడమ దించి చూశాను. దించాక మట్టిలో బొజ్జ అచ్చు పడింది. కత్తితో కోసి కొలిస్తే సమంగా లేపినప్పుడు 30 మి.మీ మిగిలింది. వాలుగా లేపిన చోట 6 మి.మీ కూడా లేదు. ఇంజన్ కూడా రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, కాబట్టి ఆ 6 మి.మీ అంటే సున్నా కిందే లెక్క.

ఇలాంటప్పుడు మూడు దారులున్నాయి. హౌసింగ్‌ని ముందుకి జరపడం, వ్యాన్‌ని ఇంకా ఎత్తడం, ఆయిల్ చాంబర్ ఆకారం మార్పించడం. ఎత్తు పెంచాలనే అందరికీ మనసవుతుంది, చూడ్డానికి బాగుంటుంది కదా. నేను మాత్రం దాన్ని చివరికి పెడతాను. వ్యాన్ అసలే పొడవాటి డబ్బా, ఎంత పైకి లేస్తే మలుపుల్లో అంత తూలుతుంది. నేను హౌసింగ్‌ని 40 మి.మీ ముందుకి జరిపాను. చక్రం మడ్‌గార్డు వంపులో కొంచెం ముందుకు కనిపిస్తుంది, లోపలి అంచు కొద్దిగా కోయాల్సి వచ్చింది. బయటివాళ్లు ఇప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

చక్రాలు బిగించి స్టీరింగ్‌ని ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పుతూ ఇదే పరీక్ష మళ్లీ చేయండి. టైరు కమానుకి, ఛాసిస్‌కి, బ్రేకు గొట్టానికి తగలకూడదు.

కమాన్లు, వెల్డింగ్

ఇంట్లో చేసుకునేవాళ్లకి కమాన్ పట్టీలే మేలు. కాయిల్ స్ప్రింగులు మెత్తగా ఉంటాయి నిజమే, కానీ హౌసింగ్ ముందుకూ వెనక్కీ పోకుండా పట్టుకునే రేడియస్ ఆర్ములు, పక్కకి పోకుండా అడ్డంగా పట్టుకునే ట్రాక్ బార్, వాటి కోణాల లెక్క తోడవుతాయి. కమాన్ ఒక్కటే బరువు మోస్తుంది, హౌసింగ్‌ని ముందుకూ వెనక్కీ పక్కకీ పోకుండా పట్టుకుంటుంది. ఒక చివర స్థిరమైన హ్యాంగర్, రెండో చివర ఊగే షాకిల్. బండి బరువు పడ్డాక షాకిల్ నిటారుగా కాకుండా కొంచెం వాలుగా ఉండాలి, అప్పుడే కమాన్ సాగడానికి జాగా ఉంటుంది.

చక్రాల క్యాస్టర్ కోణం (స్టీరింగ్ తిరిగే కీలు వెనక్కి వాలే కోణం) 4 డిగ్రీలకి అటూఇటూ పెట్టుకోండి. ఇక్కడ ఒక పీటముడి ఉంది. క్యాస్టర్ పెంచడానికి హౌసింగ్‌ని తిప్పితే పినియన్ కిందకి చూస్తుంది, షాఫ్టు కోణం చెడుతుంది. షాఫ్టు కోసం పినియన్ పైకి లేపితే క్యాస్టర్ తగ్గి, స్టీరింగ్ రోడ్డు మీద అటూఇటూ కొట్టుకుపోతుంది. ఒకటి రెండు డిగ్రీల తేడా అయితే కమాన్‌కీ హౌసింగ్‌కీ మధ్య కోణం ముక్కలు పెట్టి సర్దుకోవచ్చు. అంతకు మించితే హౌసింగ్ చివర నకిళ్లని (ముందు చక్రాలు తిరిగే కీళ్లని పట్టుకునే ముక్కలు) కోసి తిప్పి వెల్డ్ చేయాలి, అది వర్క్‌షాపు పని.

ఛాసిస్‌కి హ్యాంగర్లు పెట్టేటప్పుడు ముందు అన్నీ టాకాలు మాత్రమే వేసి, వ్యాన్‌ని చక్రాల మీదకి దించి, కొలతలన్నీ మళ్లీ చూసుకున్నాకే పూర్తి వెల్డ్ వేయండి. వెనక చక్రం మధ్య నుంచి ముందు చక్రం మధ్యకి దూరం ఎడమా కుడీ 3 మి.మీ లోపు కలవాలి. ఛాసిస్ పట్టీకి అడ్డంగా నిలువు గీతలా వెల్డ్ వేయకూడదు, అక్కడే పగులు మొదలవుతుంది. బలం కోసం వేసే రేకుని గాలిపటం ఆకారంలో కోసి, వాలు అంచుల వెంట వెల్డ్ వేయండి. ఛాసిస్ గుండా బోల్టు పోయే చోట లోపల గొట్టం ముక్క పెట్టి వెల్డ్ చేయాలి, లేకపోతే బిగించేకొద్దీ డబ్బా నలుగుతుంది, బోల్టు ఎప్పటికీ బిగుసుకోదు. బోల్టులు 10.9 తరగతివి వాడండి. కమాన్ పట్టీలకి వెల్డింగ్ వేడి, రవ్వలు తగలనివ్వకండి.

ఎర్త్ క్లాంప్‌ని వెల్డ్ పక్కనే పెట్టండి. ఇంధన గొట్టాలు, ట్యాంకు దగ్గరుంటే దించేయండి. వ్యాన్లకి ఇంకో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఫ్లోరు రేకు మీద కార్పెట్, దాని కింద జిగురు, నురుగు పొర ఉంటాయి. మొదటి రోజు నేను కింద హ్యాంగర్‌కి వెల్డ్ వేసి టీ తాగడానికి పోయాను. తిరిగొచ్చేసరికి సీటు కింద నుంచి సన్నటి పొగ. మంట లేదు, రేకు వేడికి జిగురు మగ్గుతోంది. ఆ రోజు నుంచి వెల్డ్ వేసే చోట పైన కార్పెట్ పూర్తిగా తీసేయడం, పక్కన నీళ్ల బకెట్‌తో పాటు మంటలార్పే సిలిండర్ పెట్టుకోవడం, పని ఆపాక గంట సేపు షెడ్డు వదలకపోవడం అలవాటైంది.

స్టీరింగ్

ఇక్కడ పొరపాటు చేస్తే ప్రాణాల మీదకి వస్తుంది, అనుమానం ఉంటే డబ్బిచ్చి చేయించండి. తుక్కు బండి స్టీరింగ్ బాక్స్, డ్రాగ్ లింక్ (బాక్స్ నుంచి చక్రం వైపు పోయే రాడ్డు) అలాగే తెచ్చుకోండి. బాక్స్ బిగించే చోట ఛాసిస్‌కి మందపాటి రేకుతో బలం ఇవ్వాలి. డ్రాగ్ లింక్ వీలైనంత అడ్డంగా, నేలకి సమాంతరంగా ఉండాలి. అది వాలుగా ఉంటే చక్రం గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ తనంతట తనే తిరుగుతుంది. కాయిల్ స్ప్రింగులు వేసినవాళ్లు ట్రాక్ బార్‌ని, డ్రాగ్ లింక్‌ని ఒకే వాలులో, దాదాపు ఒకే పొడవులో పెట్టాలి. రెండూ ఒకే చాపంలో కదిలితేనే ఆ లాగుడు ఉండదు. స్టీరింగ్ జాయింట్లని కోసి వెల్డ్ చేసి పొడిగించే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. మీరు మాత్రం సరైన పొడవు రాడ్డు చేయించుకోండి.

షాఫ్టులు

వ్యాన్ సొంత బరువుతో నిలబడ్డాక, అప్పుడే షాఫ్టుల పొడవు కొలవండి. స్టాండ్ల మీద ఉండగా కొలిచి చేయించిన షాఫ్టు కచ్చితంగా తప్పుతుంది. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు జారే స్ప్లైన్‌లో ఇంకా 20 నుంచి 25 మి.మీ ఖాళీ మిగలాలి. పూర్తిగా వేలాడినప్పుడు స్ప్లైన్ వ్యాసానికి రెట్టింపు పొడవైనా లోపలే ఉండాలి.

షాఫ్టుకి రెండు చివర్లా మామూలు క్రాసులు ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్, పినియన్ ఫ్లాంజ్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, తేడా ఒక డిగ్రీ దాటకూడదు. నిత్యం తిరిగే వెనక షాఫ్టులో క్రాసు కోణం 3 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే మంచిది. సున్నా కూడా మంచిది కాదు, కొంచెం కోణం ఉంటేనే లోపలి సూది బేరింగులు కదులుతాయి, లేకపోతే ఒకే చోట గుంటలు పడతాయి. కేస్ వైపు జంట క్రాసు జాయింట్ వాడితే లెక్క మారుతుంది, అప్పుడు పినియన్ నేరుగా కేస్ వైపు చూడాలి. షాఫ్టు రెండు చివర్ల యోక్‌లు (క్రాసుని పట్టుకునే కొమ్ముల ముక్కలు) ఒకే వరసలో ఉన్నాయా చూసుకోండి. కోత, వెల్డ్, బ్యాలెన్సింగ్ షాఫ్టులు చేసే లేత్ వర్క్‌షాపుకి ఇచ్చేయండి. ఇంట్లో వెల్డ్ చేసిన షాఫ్టు వేగంలో ఊగి గేర్‌బాక్స్‌ని కూడా తినేస్తుంది.

బ్రేకులు, మిగతా చిల్లర

కొత్త హౌసింగ్ కాలిపర్లలో (చక్రం దగ్గర బ్రేకు నొక్కే దవడలు) పిస్టన్లు పెద్దవైతే పెడల్ దగ్గరి పాత మాస్టర్ సిలిండర్ పంపే నూనె చాలదు, పెడల్ కిందకి దిగిపోతుంది. అప్పుడు మాస్టర్ కూడా మార్చాలి. రబ్బరు గొట్టాలు చక్రం పూర్తిగా వేలాడి, స్టీరింగ్ పూర్తిగా తిరిగినప్పుడు కూడా బిగుసుకోకూడదు. ఏబీఎస్ ఉంటే చక్రం దగ్గర పళ్ల రింగులో పళ్ల సంఖ్య పాతదానితో కలవాలి.

స్పీడోమీటర్ సెన్సర్ ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్‌కి మారుతుంది. ఎగ్జాస్ట్ గొట్టం ముందు షాఫ్టుకి దూరంగా మళ్లించాలి. హెడ్‌లైట్లు కిందకి దించాలి, లేకపోతే ఎదుటివాళ్ల శాపనార్థాలు తగులుతాయి. హౌసింగ్‌ల గాలి గొట్టాలని ఇంజన్ పైభాగం దాకా పొడిగించడం మర్చిపోకండి. వేడెక్కిన హౌసింగ్ చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ గొట్టం నీళ్లలో ఉంటే నీళ్లనే పీల్చుకుంటుంది.

హౌసింగ్‌లలో సాధారణంగా జీఎల్ 5 రకం గేర్ ఆయిల్ 80 డబ్ల్యూ 90 సరిపోతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో మాత్రం తయారీదారు చెప్పిందే పోయండి. చెయిన్ ఉండే వాటిలో చాలావాటికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె, గేర్లవాటికి మందపాటి నూనె పడుతుంది. పోసిన వెంటనే డబ్బా మీద మార్కర్‌తో రాయండి. పోశానో లేదో అనే టెన్షన్‌తో రాత్రి పదకొండింటికి టార్చి పట్టుకుని షెడ్డుకి పోయిన అనుభవంతో చెబుతున్నాను.

తొలి పరుగు

నాలుగు చక్రాలూ గాల్లో ఉండేలా స్టాండ్లు పెట్టి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, మొదటి గేర్‌లో ఐడిల్ మీద తిప్పండి. మొదట వెనకవైపు చక్రాలు మాత్రమే, తర్వాత లివర్ వేసి నాలుగూ. అన్నీ ఒకే దిక్కుకి తిరగాలి. ఎక్కడా టకటక చప్పుడు, గీకుడు ఉండకూడదు. ఆపాక స్ప్లైన్ మీద, గొట్టాల మీద కొత్త గీతలేమైనా పడ్డాయా చూడండి.

తర్వాత దించి, ఖాళీ మట్టి నేల మీద నాలుగు చక్రాల డ్రైవ్ వేసి 100 మీటర్లు తిన్నగా పోయి ఆపండి. లివర్ తేలిగ్గా బయటికి వస్తే నిష్పత్తి సరిగ్గా ఉన్నట్టు. రాయిలా బిగుసుకుపోతే ఎక్కడో లెక్క తప్పింది, సుద్దముక్క మళ్లీ తీయండి. గట్టి తారు రోడ్డు మీద ఈ డ్రైవ్ వేయకండి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి, జారే నేల లేకపోతే ఆ ఒత్తిడి అంతా షాఫ్టుల మీదే పడుతుంది.

రోడ్డెక్కాక 40, 60, 80 వేగాల్లో ఒక్కొక్కసారి చూసుకోండి. ఒకే వేగం దగ్గర ఫ్లోరు గుమ్మని మోగితే షాఫ్టు కోణమో బ్యాలెన్సో. గుంత దాటగానే స్టీరింగ్ గడగడా వణికితే ట్రాక్ బార్ ఉంటే దాని బోల్టు, టై రాడ్ జాయింట్లు, బేరింగుల వదులు వెతకండి, దాంతో ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. 80 కి.మీ తిరిగాక కమాన్ యూ బోల్టులు, హ్యాంగర్ బోల్టులు, షాఫ్టు బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి. 800 కి.మీ దగ్గర ఇంకోసారి. నా యూ బోల్టులు మొదటి 80 కిలోమీటర్లకే దాదాపు అర చుట్టు వదులయ్యాయి. కొత్త కమాన్ ఆకులు ఒకదానిమీద ఒకటి సర్దుకుంటాయి మరి. ప్రతి నట్టు మీదా తెల్ల పెయింటుతో బోల్టు దాకా ఒక గీత గీశాను. ఇప్పుడు ప్రతి ప్రయాణం ముందూ కిందకి వంగి ఆ గీతలు కలిసే ఉన్నాయా అని చూసి బయల్దేరతాను.